మూడో జాబ్ కార్డులో పుట్టిన ఎలుకలు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2022 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక షోరూమ్‌లో 7 లక్షల 40 వేలు పెట్టి కొత్త పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్లు. తొమ్మిది నెలలు తిరక్కుండానే ఇంజిన్ అదరడం, మిస్సింగ్, డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు మొదలయ్యాయి. 2022 డిసెంబర్‌లో సర్వీస్ సెంటర్ వాళ్లు ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ ఒకటి ఉచితంగా మార్చారు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ అదే గోల, ప్లగ్గులు మార్చి పంపారు. జులైలో మా అమ్మకు గుండెనొప్పి వచ్చి అర్ధరాత్రి నల్గొండ తీసుకెళ్తుంటే తిప్పర్తి దగ్గర బండి ఆగిపోయింది. 108 వచ్చింది కాబట్టి ఆమె దక్కింది. ఆ తర్వాత బండి చూపిస్తే, వైర్లు ఎలుకలు కొరికాయి, వారంటీ వర్తించదు, 38 వేలు కట్టాలి అని 2023 సెప్టెంబర్ 18న మెయిల్ పెట్టారు. నేను కట్టలేదు. లైటు వెలుగుతున్నా అలాగే ఒక మూడు వేల కిలోమీటర్లు నడిపాను. పెళ్లిళ్ల సీజన్లో తెలిసినవాళ్లకు రెండుసార్లు కిరాయికి ఇచ్చాను. మా షెడ్డులో వడ్ల బస్తాలుంటాయి, కాబట్టి ఎలుకలు లేవని చెప్పలేను. మొదటి జాబ్ కార్డు, అంటే సర్వీస్ సెంటర్ ఇచ్చిన పని చీటీ పోయింది, కానీ ఆ రోజు బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ తెర ఫొటో ఫోన్లో ఉంది. కొత్త కారు, 20 లక్షల పరిహారం అడగొచ్చా? ఇక్కడి మెకానిక్ 500 ఇస్తే లైటు ఆర్పేస్తానంటున్నాడు. ఆర్పించి అమ్మేసుకోవడం మంచిదా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడు పేజీలు తిప్పర్తి రాత్రి గురించే. దాన్ని అఫిడవిట్‌లో ఒక పేరాగా రాద్దాం. 108కి చేసిన ఫోన్ వివరం, ఆసుపత్రి అడ్మిషన్ షీటు దొరికితే జత చేద్దాం. కేసు తేలేది మాత్రం ఒక్క ప్రశ్న మీద: మీ బండిలోకి ఎలుకలు ఎప్పుడు వచ్చాయి?

మీరు పంపిన ఫొటోలో పి-0302 అన్న కోడ్ స్పష్టంగా కనబడుతోంది. ఇంజిన్‌లో మిస్‌ఫైర్ జరిగితే, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోతే, కారు కంప్యూటర్ పి-0300 వరుసలో ఒక నంబరు దాచుకుంటుంది, చివరి అంకె సిలిండర్‌ది. అంటే 2022 డిసెంబర్‌లో రెండో సిలిండర్ సరిగా మండటం లేదు. మీ దగ్గర మిగిలిన రెండో జాబ్ కార్డులో కూడా, అంటే 2023 ఏప్రిల్‌ది, ‘రెండో సిలిండర్ మిస్‌ఫైర్, చెక్ ఇంజిన్ లైటు’ అనే రాశారు. ఆ రెండుసార్లూ ఎలుక ఊసే లేదు. పైగా మొదటిసారి కాయిల్‌ను వారంటీ కింద ఉచితంగా మార్చారు. లోపం తమదని వాళ్లు ఒప్పుకున్నట్టు చెప్పుకోవడానికి మీకు ఇంతకంటే మంచి కాగితం దొరకదు. ఎలుకలు మూడో జాబ్ కార్డులోనే పుట్టాయి.

అయితే అవతలి వకీలు ఊరుకోడు. ‘మొదటి లోపం కాయిల్‌ది, అది బాగుచేశాం. జులైలో వచ్చింది వేరే జబ్బు, అది ఎలుకల పని’ అంటాడు. దీనికి జవాబు ఆ మూడోసారి స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందన్న దాన్లో ఉంది. కాయిల్‌కి వెళ్లే వైరు తెగితే సాధారణంగా ఆ కాయిల్ సర్క్యూట్‌కి సంబంధించిన కోడ్ పడుతుంది, రెండో సిలిండర్‌కైతే పి-0352. అది లేకుండా మళ్లీ ఉత్త పి-0302 మాత్రమే పడి ఉంటే ఎలుకల కథ కుంటుతుంది. 0352 పడి ఉంటే మాత్రం మీ కేసు కొంచెం పలచబడుతుంది, ఆ మాట ఇప్పుడే చెప్తున్నాను. ఇంకొకటి. ఏ మెకానిక్ అయినా ముందు చేసే పని, రెండో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి పెట్టి చూడటం. కోడ్ 0301కి మారితే తప్పు కాయిల్‌ది. కదలకపోతే ఇంజెక్టరో, ప్లగ్గో, కంప్రెషనో, వైరింగో వెతకాలి. ఆ పరీక్ష చేసినట్టు ఏ కార్డులోనూ లేకపోతే, కారణం వెతక్కుండా చేతికొచ్చిన సామాను మార్చి పంపారన్నమాట. చట్టంలో సేవాలోపం అంటే అదే.

ఇప్పుడు ఆ 500 రూపాయల సంగతి. చేయొద్దు. స్కానర్‌తో కోడ్ చెరిపినా, బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పినా, కోడ్‌తో పాటు లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, బండి వేగం ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న రికార్డు కూడా పోతుంది. మీ సాక్షిని మీరే 500 ఇచ్చి చంపించుకోవడం అది. అమ్మడం అంతకంటే చెడ్డది. లోపం తెలిసి, లైటు ఆర్పించి, దాచిపెట్టి అమ్మితే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. కొన్నవాడు డబ్బు వెనక్కి అడుగుతాడు, పోలీస్ స్టేషన్‌కీ వెళ్తాడు. కేసు నడుస్తుండగా కారు అమ్మేసినవాళ్ల ఫిర్యాదులు, ఇక మీరు వినియోగదారుడే కాదంటూ కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి.

కాలపరిమితి గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు. నాకు చిరాకు తెప్పించింది అదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. వారంటీ నిరాకరించిన మెయిల్ 2023 సెప్టెంబర్ 18ది. ఇప్పుడు 2025 ఆగస్టు రెండో వారం. 2025 సెప్టెంబర్ 18 దాటితే కాలదోషం పడుతుంది. రెండేళ్లు ఏం చేశారు? మధ్యలో సర్వీస్ సెంటర్‌కి పంపిన ఎనిమిది మెయిళ్లు గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు. నేను పంపే లీగల్ నోటీసూ పొడిగించదు. నోటీసు ఈ వారమే పంపుదాం, కానీ జవాబు కోసం కూర్చోవద్దు. సెప్టెంబర్ 5 లోపు ఫిర్యాదు లోపల పడాలి.

లైటు మొదట వెలిగింది 2022 డిసెంబర్‌లోనే కదా, గడువు అప్పుడే అయిపోయిందని వాళ్లు వాదిస్తారు. వారంటీ బతికుండగా, బాగుచేస్తామని బండి తీసుకుంటున్నంత కాలం మీకు ఫిర్యాదు చేసే అవసరమే రాలేదు, కాదన్న రోజే కారణం పుట్టింది అన్నది మన వాదన. అయినా ముందుజాగ్రత్తగా, ఆలస్యం ఉందనుకుంటే మన్నించమని ఒక దరఖాస్తు కూడా కలిపి వేయండి. కారణాలు బలంగా ఉంటే మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కి ఉంది.

పోయిన జాబ్ కార్డు గురించి. పెళ్లి శుభలేఖలు దాచుకుంటాం, లక్షల బండి కాగితం మాత్రం సీటు కింద పారేస్తాం! సరే, మీ ఛాసిస్ నంబరు మీద మొత్తం సర్వీస్ చరిత్ర వాళ్ల కంప్యూటర్‌లో ఉంటుంది. మూడు కార్డుల నకళ్లు, స్కాన్ రిపోర్టులు, ఎలుక కొరికిన వైరు ఫొటోలు ఇవ్వమని మెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా అడగండి. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌ని కోరదాం, వినియోగదారుల చట్టం 38వ సెక్షన్‌లో ఆ అధికారం ఉంది. కొరికిన వైరు చూపించలేని సర్వీస్ సెంటర్ దాని పేరు చెప్పి 38 వేలు ఎలా అడిగిందో అక్కడే చెప్పుకోవాల్సి వస్తుంది. మీ ఫోన్లోని ఫొటో, సర్వీస్ అడ్వైజర్‌తో వాట్సాప్ సంభాషణ చెరపకండి, ఫోన్ కూడా మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఒక ధ్రువపత్రం జత చేసి వాటిని దాఖలు చేద్దాం.

ఈ లోపు ఆ మెకానిక్‌ని ఇంకో పనికి వాడుకోండి. స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకి స్కానర్ పెట్టి కోడ్‌లు చదవమనండి, చెరపొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఛాసిస్ నంబరు, మీటర్ రీడింగ్, స్కానర్ తెర ఒకే వీడియోలో రావాలి. అతను అఫిడవిట్ ఇస్తే ఇంకా మంచిది. బోల్టు కూడా విప్పనివ్వొద్దు. ఫిర్యాదుతో పాటే నిపుణుడి పరీక్షకు దరఖాస్తు వేద్దాం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్నో, ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ అధ్యాపకుణ్ణో పెట్టమని అడగొచ్చు. తయారీ లోపం అని రాసి నిపుణుడి నివేదిక లేక ఓడిపోయిన కార్ల కేసులు లెక్కలేనన్ని.

కొత్త కారు, 20 లక్షలు అన్నవి మర్చిపోండి. ఒక భాగం మార్చితే బాగయ్యే చోట మొత్తం కారు మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఉచితంగా బాగుచేసి, ఆ పనికి కొత్తగా వారంటీ ఇవ్వాలి, తిరిగిన ఖర్చులు, మానసిక క్షోభకు లక్షో రెండు లక్షలో ఇవ్వాలి అని అడగండి. డీలర్, తయారీ కంపెనీ ఇద్దరినీ చేర్చండి. హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, మీరు నివసించే చోటే వేయొచ్చు కాబట్టి నల్గొండ జిల్లా కమిషన్ చాలు. మీ బండి ధరకు ఫీజు 200 రూపాయలు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా వేయొచ్చు.

కిరాయి సంగతి ఇక ఆపండి. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పడం పర్మిట్ తప్పు, దానికి తోడు బండిని వాణిజ్య ప్రయోజనానికి వాడారు, మీరు వినియోగదారుడే కాదు అని అవతలివాళ్లు పట్టుకుంటారు. రెండుసార్లు ఇచ్చినంత మాత్రాన కేసు పోదు, బండి ప్రధానంగా ఇంటి వాడకానికే అన్నది ముఖ్యం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడిగితే దాచకండి. లైటుతో మూడు వేల కిలోమీటర్లు నడిపినదానికి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. నిలకడగా వెలిగితే మెల్లగా వర్క్‌షాపుకి పోవాలి, మినుకుమినుకుమంటే అక్కడే ఆపాలి. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోకి వెళ్లి పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. ఆ నష్టం మీ మీదే వేస్తారు, దాన్ని మనం క్లెయిమ్‌లో కలపొద్దు.

నిపుణుడు చూసేదాకా బండి తీయకండి. వడ్ల బస్తాల పక్కన మాత్రం పెట్టకండి, ఇవాళే అక్కణ్ణుంచి మార్చండి. ఈ నెలలో ఎలుక నిజంగా వైరు కొరికితే, మూడో జాబ్ కార్డుకి సాక్ష్యం మీరే తయారుచేసి ఇచ్చినట్టవుతుంది.