పాత పంప్ షాట్‌గన్‌లో పార్టులు మారాయో లేదో ఎలా తెలుస్తుంది?

విజయనగరంలో మీ తాతగారి వించెస్టర్ మోడల్ 12 లైసెన్సుతో సహా మీ చేతికొచ్చిందనీ, అందులో వేరే తుపాకీ పార్టులు కలిశాయేమోనని అనుమానమనీ రాశారు. ముందు ట్యూబు (బారెల్ కింద తూటాలు నింపే గొట్టం), ఛాంబరు (బారెల్ వెనక చివర తూటా కూర్చునే చోటు) రెండూ ఖాళీ అని చూసుకోండి. ఖాళీయేనని ఎవరైనా చెప్పినా సరే.

తర్వాత తుపాకీని తిరగేయండి. ఇది రెండు ముక్కలుగా విడిపోయే రకం. రిసీవర్ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే మధ్య ఇనప భాగం) అడుగున ముందు అంచులో ఒక నంబరు, దాన్ని ఆనుకుని బారెల్ వైపు ముక్క మీద ఇంకో నంబరు ఉంటాయి. రెండూ ఒకటే కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా ముందు భాగం వేరే తుపాకీదే. అలాంటప్పుడు బోల్టుకీ (తూటాను వెనక నుంచి మూసి పట్టే ముక్క) తూటాకీ మధ్య సందు సరిగ్గా ఉండకపోవచ్చు. లైసెన్సున్న తుపాకీ మేస్త్రీ కొలిచేదాకా పేల్చకండి.

నంబర్లు కలిసినా బారెల్ రాత చదవండి. ఈ మోడల్ 1912లో వచ్చింది. తొలి బారెళ్ల మీద 'మోడల్ 1912' అని, తర్వాతి వాటి మీద 'మోడల్ 12' అని ఉంటుంది. అండాకారంలో డబ్ల్యూ, పీ అక్షరాలున్న ముద్ర బారెల్ మీదా రిసీవర్ మీదా కనబడాలి.

స్క్రూల గాడి చెదిరితే ఎవరో విప్పినట్టే. వెనక కర్ర అక్రోటుది కాకుండా టేకుదైతే అది మన వడ్రంగి పనే అయ్యుంటుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. మన సముద్రపు గాలికి అన్నీ ఒకేలా మసకబారాలి; ఒక్క పార్టే నల్లగా మెరుస్తుంటే అనుమానించండి.

నంబరు సరిగా కనబడట్లేదని గీకడం, మళ్లీ కొట్టించడం మాత్రం వద్దు. ఆయుధాల చట్టం కింద అది నేరం.