బావా బావమరుదుల మధ్య కలెక్షన్ల గొడవ

ప్రశ్న: మావారికి 31 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తమ్ముడికి 24, గ్రూప్-2కి చదువుతున్నాడు. ఇద్దరూ చెరో హీరోకి వీరాభిమానులు. సంక్రాంతికి ఆ ఇద్దరి సినిమాలూ రెండు రోజుల తేడాతో విడుదలయ్యాయి. మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో కలెక్షన్ల దగ్గర మాట మొదలైంది. ‘ఉద్యోగం లేనివాడికి కోట్ల లెక్కలెందుకు’ అని ఈయన పెట్టారు. ‘మా నాన్న డబ్బుతో కారు కొన్నవాళ్లు నాకు చెప్పక్కర్లేదు’ అని వాడు పెట్టాడు. రెండు నెలలుగా మాటల్లేవు. వచ్చే నెల బాబుకి పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా! వాడు రానంటాడు, ఈయన పిలవనంటారు. అమ్మ రోజూ ఏడుపు. ఎవరికి నచ్చజెప్పను?

జవాబు: హీరోల పేర్లు రాయకుండా మంచి పని చేశారు. రాసి ఉంటే ఈ జవాబు చదివేవాళ్లు కూడా రెండు జట్లుగా చీలిపోయేవారు.

మీ ఇంట్లో జరుగుతున్నవి రెండు గొడవలు. ఒకటి కలెక్షన్లది, రెండోది ఆ రెండు వాక్యాలది. మొదటిది తేలితే రెండోది దానంతటదే సర్దుకుంటుందనుకుని చాలామంది లెక్కల్లోకి దిగుతారు. కానీ ఆ లెక్క తేలదు. ఎందుకో తెలుసుకుంటే మిమ్మల్ని తీర్పరిగా కూర్చోబెట్టబోయినా మీరు తప్పుకోగలుగుతారు.

పోస్టరు మీద వేసేది ఎక్కువగా ప్రపంచవ్యాప్త గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం సొమ్ము. రెండు వందల రూపాయల టికెట్‌లో 18 శాతం జీఎస్టీ కింద ముప్పై రూపాయలు ముందే పోతాయి. తర్వాత సింగిల్ స్క్రీన్లో థియేటర్ అద్దె, మల్టీప్లెక్సులో పర్సంటేజీ. చివరికి డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ విడివిడిగా చెప్పేది ఈ షేరే. అందులోనూ హైర్స్ (థియేటర్లు డిస్ట్రిబ్యూటర్‌కి కట్టే స్థిరమైన మొత్తం) కలిపారా లేదా, జీఎస్టీ తీసేశారా లేదా అన్నదాన్నిబట్టి అంకె మారుతుంది. అమెరికాలో థియేటర్ల నుంచి లెక్కలు సేకరించే సంస్థలున్నాయి గనక డాలర్ల దగ్గర పెద్దగా తగువుండదు. ఇక్కడ అందరూ ఒప్పుకునే అలాంటి లెక్క లేదు. బుకింగ్ యాప్‌లో కనిపించే టికెట్లలో కౌంటర్‌లో తెగినవి ఉండవు. కాబట్టి ఒకే సినిమాకి మీవారు గ్రాస్ చెప్పి, మీ తమ్ముడు షేర్ చెప్పి, ఇద్దరూ అబద్ధమాడకుండానే జీవితాంతం కొట్టుకోవచ్చు. హిట్టా ఫట్టా అన్నది ఏ ఏరియాను ఎంతకు కొన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆ అంకె కొన్నవాళ్లకీ అమ్మినవాళ్లకీ తెలిసినంత స్పష్టంగా అభిమానులకి తెలియదు.

ఇక రెండో గొడవ. మీ తమ్ముడు నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే వయసులో, ఎదురుచూసే స్థితిలో ఉన్నాడు. ‘ఉద్యోగం లేనివాడు’ అన్నమాట అత్తామామలు, బాబాయిలు, పిన్నులు చూస్తుండగా పడింది. అది సినిమా గురించిన మాటగా వాడికి వినపడదు. మీవారికీ అంతే. అత్తింటివాళ్ల ముందు కారు మాట వచ్చేసరికి ఆయన సంపాదనంతా చిన్నబోయింది. (ఆ కారు సంగతి కట్నానిదైతే అది మీరూ ఆయనా విడిగా మాట్లాడుకోవాల్సిన విషయం. ఈ రాజీలో కలపకండి.)

ముందుగా మాట్లాడాల్సింది మీవారితోనే. వయసులో పెద్ద, పైగా మొదటి దెబ్బ ఆయనది. ఆఫీసు నుంచి రాగానే వద్దు, అత్తగారి ముందసలే వద్దు. ‘మీదే తప్పు’ అనొద్దు. ‘లెక్కల్లో ఎవరు గెలిచారో నాకు అక్కర్లేదండీ. ఉద్యోగం మాట వాడికి బాగా తగిలింది. ఆ ఒక్కమాటకి ఫోన్ చేయండి’ అని అడగండి. ఆ ఫోన్ రెండు నిమిషాలు చాలు: ‘ఆ మాట అనకూడదు రా, అన్నాను. మనసులో పెట్టుకోకు.’ తర్వాత ‘కానీ నువ్వు కూడా...’ అని మొదలైతే పెట్టేయమనండి. ‘కానీ’ దగ్గరే ఇలాంటి రాజీలు చెడతాయి. హీరో పేరు ఎత్తకూడదు. మాట పడింది గ్రూపులో గనక, ‘బావమరిదితో మాట్లాడాను, నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా’ అని ఒక లైను అక్కడా పెట్టాలి. చాటుగా చెప్పిన సారీ అందరి ముందు పోయిన పరువుని తేలేదు.

తమ్ముడితో మీరే మాట్లాడండి, అమ్మని పంపకండి. అమ్మ ఏడిస్తే వాడు లొంగుతాడు గానీ కోపం లోపల మిగిలిపోతుంది, మళ్లీ పండక్కి బయటికొస్తుంది. వాడు బావకే కాదు, నాన్నగారికీ ఒకమాట చెప్పాలి. ఆయన డబ్బుని ఊరందరిలో పెట్టింది వాడే. ఈలోగా పాత స్క్రీన్‌షాట్లు ఇటువి అటు, అటువి ఇటు చూపించకండి. హీరోలిద్దరూ కౌగిలించుకున్న ఫొటో పంపి ‘వాళ్లే బాగున్నారు, మీకేంటి’ అనడం కూడా వద్దు. అది నీతి చెప్పినట్టుంటుంది తప్ప పనిచేయదు.

మాటలు కలిశాక మీరిద్దరూ వాళ్లింటికెళ్లి పిలవండి. ఫోన్లో పిలిస్తే ‘చూద్దాం’ అనడం తేలిక.

అభిమానం మానేయమనొద్దు, మానరు. కుటుంబ గ్రూపులో కలెక్షన్లు, ట్రోల్ మీమ్‌లు పెట్టొద్దనే ఒక్క నియమం చాలు. వాళ్లిద్దరికీ విడిగా చాట్ ఉంది కదా, పెద్దవాళ్లు చూడని చోట ఎంతైనా వాదించుకోనివ్వండి. చూసేవాళ్లు లేకపోతే సగం వేడి ఉండదు.

మీ తమ్ముడు బయట కూడా, ఎక్స్‌లో, సొంత పేరుతోనో దొంగ ఖాతాతోనో అవతలి అభిమానులని తిడుతున్నాడేమో కనుక్కోండి. అసభ్యమైన మార్ఫింగ్ ఫొటోలు పెట్టినా, ఫార్వర్డ్ చేసినా ఐటీ చట్టం సెక్షన్ 67 కింద మొదటిసారికే 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. సర్కారీ ఉద్యోగానికి చేరేముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. గ్రూప్-2 రాసేవాడికి ఈ సంగతి బావ కన్నా అక్క చెబితేనే చెవికెక్కుతుంది.

ఇంత చేసినా వాడు రానంటే ముహూర్తం మార్చకండి. మీ పెదనాన్న కొడుకో, చిన్నాన్న కొడుకో వరసకి మేనమామే అవుతాడు, అతని ఒళ్లో కూర్చోబెట్టండి. కానీ ఆ మాట ముందే తమ్ముడి చెవిన వేసి బెదిరించకండి. పిలుపు పిలుపుగానే ఉంచి, ముందురోజు రాత్రి దాకా వాడి చోటు వాడికే అట్టేపెట్టండి.