మిగిలిపోయిన పిండాలను స్టెమ్ సెల్ పరిశోధనకు ఇవ్వచ్చా? మా అనుభవం

ఐవీఎఫ్‌లో మిగిలిన పిండాలను స్టెమ్ సెల్ పరిశోధనకు ఇస్తే భ్రూణహత్య పాపం చుట్టుకుంటుందని మీ అత్తగారు అంటున్నారని రాశారు. మేం ఇవ్వడానికే ఒప్పుకున్నాం. అది తప్పని నాకు అనిపించలేదు. మొదటిసారి మా చేత సంతకం పెట్టించుకున్న తీరు మాత్రం ముమ్మాటికీ తప్పే.

ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. స్టెమ్ సెల్స్ అంటే శరీరంలో ఏ రకం కణాలుగానైనా మారగల మూలకణాలు. వాటిని తీస్తే ఆ పిండం ఇక ఉండదు. ఐదు రోజుల పిండం లోపలున్న కణాల ముద్దను వేరుచేసి ల్యాబులో పెంచుతారు. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం మొదటిసారి ఇలాగే చేసింది, ఐవీఎఫ్ దంపతులు ఇచ్చిన పిండాలతోనే. మా ఎంబ్రియాలజిస్టు ఆ దశను మాకు స్క్రీన్ మీద చూపించారు. పల్చటి గుండ్రటి బుడగ, లోపల ఒక పక్కకు ఒదిగి ఉన్న చిన్న గుంపు. ఆ గుంపే మా పాప అయింది. అందుకే "కణాలేగా, ఏముంది" అని తేలిగ్గా తీసేసేవాళ్ల మాట నాకు నచ్చదు. అలాగని దాన్ని బిడ్డ అనీ అనలేను. ఆ దశలో నరాలు ఏర్పడవు, నొప్పి తెలియదు, గర్భసంచిలో అంటుకుంటే తప్ప బిడ్డగా ఎదగదు.

మాకు రెండో బిడ్డ వద్దు. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలకు సంబంధించిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం పదేళ్లకు మించి పిండాలను నిల్వ ఉంచకూడదు. ఆ తర్వాత నశించిపోనివ్వాలి, లేదా దంపతులు ఒప్పుకుంటే రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. ఎలా చూసినా అవి పోయేవే. పోయేముందు ఒక రోగికి పనికొచ్చే అవకాశం ఉంటే ఎందుకు ఆపాలి? పిండాలెందుకు, చర్మకణాలతోనే స్టెమ్ సెల్స్ చేయొచ్చు కదా అంటారు కొందరు. జపాన్‌లో యమనక అనే శాస్త్రవేత్త 2007లో మనిషి చర్మకణాలతో చేసి చూపించారు, నిజమే. కానీ అలా తయారైనవి ఎంత బాగున్నాయో పోల్చి చూడటానికి పిండం నుంచి వచ్చిన కణాలే కొలమానం.

ఇక సంతకం సంగతి. అండాలు తీసే రోజు పొద్దున, థియేటర్ గౌనులో, చేతికి సెలైన్‌తో ఉన్నప్పుడు కాగితాల కట్ట తెచ్చి "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించారు. తర్వాత కాపీ అడిగి చదివితే 'పరిశోధనకు సమ్మతం' అన్న గడిలో ముందే టిక్ ఉంది! ఆ టెన్షన్‌లో ఏ ఆడది చదివి సంతకం పెడుతుంది? మేం గొడవపడి దాన్ని రద్దు చేయించాం. పాప పుట్టాక ఇద్దరం తీరిగ్గా మాట్లాడుకుని మళ్లీ రాసిచ్చాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెప్పేదీ అదే: ముందెప్పుడో సరేనన్నా, ఇచ్చేటప్పుడు కొత్తగా సమ్మతి తీసుకోవాలి. దక్షిణ కొరియాలో స్టెమ్ సెల్ శాస్త్రవేత్త హ్వాంగ్ వూ-సుక్ ఉదంతం గుర్తుందా? తన పరిశోధనకు తన ల్యాబులో పనిచేసే అమ్మాయిల అండాలనే వాడారు. పై అధికారి కోసమన్నప్పుడు కింద పనిచేసేవాళ్లు కాదనగలరా? ఆయన ఫలితాలు కూడా కల్పితమని తేలి, 2006లో ఆయన పరిశోధన వ్యాసాలను వాటిని అచ్చువేసిన సైన్స్ పత్రిక వెనక్కి తీసుకుంది.

మీరు క్లినిక్‌లో ఇవి అడగండి: ఏ సంస్థకు ఇస్తారు, దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మనసు మారితే ఎప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చు, మా పేర్లు బయటికి వెళ్తాయా. పరిశోధన కోసం ల్యాబులో పిండాలను 14 రోజుల వయసుకు మించి పెంచకూడదన్న నిబంధన కూడా ఉంది, మీ అత్తగారికి అది చెప్పి చూడండి. అప్పటికీ మీలో ఎవరి మనసుకైనా ఇబ్బందిగా ఉంటే ఇవ్వకండి. ఆ గడి ఖాళీగా వదిలేసే హక్కు మీకుంది, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.