కాల్షియం మాత్రలు వేసుకుంటే తెల్ల రక్తకణాలు చురుకవుతాయా?

తెల్ల రక్తకణాలు మేలుకోవాలంటే కాల్షియం కావాలని ఎక్కడో చదివి, అయితే మాత్రలు వేసుకుంటే రోగనిరోధక శక్తి పెరుగుతుందా అని అడిగారు. మామూలుగా ఉన్నవారికి పెరగదు. కొరత ఉంటే డాక్టర్ చెప్పినట్టు వాడండి, అది వేరే సంగతి. రక్తంలో కాల్షియాన్ని శరీరం దాదాపు ఒకే మట్టంలో నిలుపుకొస్తుంది. కణం సంగతంతా కాల్షియం లోపలికి వచ్చే తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందన్నదే.

ఇది నాకు ఒక పొరపాటు వల్ల తలకెక్కింది. పరిశోధనలో చేరిన కొత్తల్లో రక్తం నుంచి లింఫోసైట్లను (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) వేరుచేసి, కాల్షియం తగిలితే ఆకుపచ్చగా మెరిసే ఫ్లూవో-4 అనే రంగు ఎక్కించాను. లింఫోసైట్లలోనే ఒక రకమైన టీ కణాలను తట్టిలేపే యాంటీబాడీ కలపగానే, మెరుపును చూపే గీత తెర మీద లేచింది. లేచినంత సేపు పట్టలేదు, చతికిలబడింది. కణంలో కాల్షియం పెంచడానికి వాడే, ఎప్పుడూ పనిచేసే అయనోమైసిన్ అనే రసాయనం వేసినా అంతే! రంగు పాడైందనుకుని రెండు రోజులు తిట్టుకున్నాను. మా సీనియర్ అక్క వచ్చి, ‘బఫర్‌లో (కణాలను ఉంచే ద్రావణంలో) కాల్షియం వేశావా తమ్ముడూ?’ అంది. వేయలేదు. ఒక చుక్క కాల్షియం క్లోరైడ్ పడగానే గీత నిట్టనిలువుగా ఎగబాకి, పైనే నిలబడింది.

నేను మొదట చూసిన చిన్న లేపు కణం లోపలి గోదాము, అంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, విడుదల చేసిన కాల్షియం. అది ఖాళీ అయిందని స్టిమ్1 అనే ప్రోటీను పసిగట్టి, పైపొరలోని ఓరాయ్1 తలుపు తెరుస్తుంది. (స్వర్గద్వారాలు కాసే గ్రీకు దేవతల పేరు అది. 2006లో పెట్టారు, భలే కుదిరింది.) విశ్రాంతిగా ఉన్న కణంలో కంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ కాబట్టి తలుపు తీస్తే చాలు, దూసుకొస్తుంది. ఓరాయ్1 లోపంతో పుట్టిన పిల్లలకు రోగనిరోధక శక్తి తీవ్రంగా దెబ్బతింటుంది. వాళ్లకు లేనిది తలుపు, కాల్షియం కాదు.

లోపలికి వచ్చిన కాల్షియం కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును కదిలిస్తుంది. అది ఎన్‌ఫ్యాట్ అనే ప్రోటీనును కేంద్రకంలోకి పంపిస్తే, టీ కణాలు పెరిగేలా చేసే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీను తయారీ మొదలవుతుంది. తలుపు చాలాసేపు తెరిచి ఉంటే తప్ప ఈ పని సాగదు.

మా మేనమామకు కిడ్నీ మార్పిడి తరవాత ఇచ్చిన టాక్రోలిమస్ అనే మందు అడ్డుకునేది ఆ కాల్సిన్యూరిన్‌నే. కొత్త కిడ్నీని పరాయిదని గుర్తుపట్టిన టీ కణంలోకి కాల్షియం వస్తూనే ఉంటుంది, కబురు మాత్రం కేంద్రకానికి అందదు.