‘అందరూ’ అని రాసే ముందు

అమ్మాయీ,

అమెరికా దేశ స్థాపకుల్లో ఒకడైన జార్జ్ మేసన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1773 మార్చి 9న భార్య ఆన్ పోయినప్పుడు అతను ఇంటి బైబిల్లో రాసుకున్నది ఉన్నదున్నట్టు పెట్టావు. తెల్లవారుజాము మూడు గంటలు, తొమ్మిది నెలలు దాటిన జబ్బు. నీ మాట ఒక్కటీ చేర్చలేదు. అక్కడ నాకు కళ్లు తడిశాయి. మరుసటి పేజీలోనే ‘ఆ రోజుల్లో అందరూ బానిసలను ఉంచుకునేవారు’ అన్నావు. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

అందరూ అంటే ఎవరమ్మా? తన తండ్రి బానిసల్లో వడ్రంగులు, కమ్మర్లు, పీపాలు చేసేవాళ్లు, తోళ్లు ఊనేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, నేతగాళ్లు ఉండేవారని మేసన్ కొడుకు జాన్ పెద్దయ్యాక రాసిపెట్టాడు. వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున మేసన్ ఎస్టేటు గన్‌స్టన్ హాల్‌ను నడిపింది వాళ్లే. వాళ్లూ ఆ రోజుల్లోనే బతికారు కదా. వాళ్లు ఎవరిని బానిసలుగా ఉంచుకున్నారు?

పోనీ, అది తప్పని మేసన్‌కు తెలియదందామా? 1776లో వర్జీనియా హక్కుల ప్రకటన ముసాయిదాలో మనుషులందరూ పుట్టుకతో సమానంగా స్వతంత్రులని రాసింది అతనే. ఆ ‘అందరూ’ చూసి సభలో బానిసల యజమానులు హడలిపోయారు. అది బానిసలకు వర్తించకుండా ‘సమాజంలోకి అడుగుపెట్టినప్పుడు’ అనే ముక్క ఇరికించారు; బానిసలు ఆ సమాజంలో లేరన్నది వాళ్ల లెక్క. 1787లో అమెరికా రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభలో, బానిసలున్న ప్రతి యజమానీ పుట్టుకతోనే చిన్న నియంత అని మేసన్ అన్నాడు. ఆ రాజ్యాంగం మీద సంతకం పెట్టలేదు. అయినా వీలునామాలో బానిసలను పిల్లలకు పంచాడు. 1792లో పోయేదాకా వాళ్లను విడిచిపెట్టలేదు. అన్నీ తెలిసి చేసినవాణ్ణి నువ్వు ఏమీ తెలియనివాడిలా చూపించావు.

నా మొదటి కథలో ‘మా తాత పెళ్లికి ఊరంతా భోంచేసింది’ అని రాశాను. మా అమ్మ చదివి, “వాడ వాళ్లు ఎక్కడ కూర్చుని తిన్నారో కూడా రాయి” అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, పశువుల పాక వెనక వేసిన విస్తళ్ల గురించి రాశాను. సంపాదకుడు సరిగ్గా ఆ పేరా కోసేసి అచ్చు వేశాడు. కథ నడక దెబ్బతింటోందట! నలభై ఏళ్లయింది, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఈమధ్య పత్రికల్లో మహనీయుల జీవితాలు పూలదండల్లా రాస్తున్నారు, అవి చదివినప్పుడల్లా మళ్లీ రాజుకుంటుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత. ముందు జాన్ రాసింది మళ్లీ తెరువు. అందులో మేసన్ సొంత సేవకుడు జేమ్స్ పేరు ఉంది. నీ వ్యాసంలో మేసన్ పిల్లల్లో బతికిన తొమ్మిదిమందికీ పేర్లున్నాయి, జేమ్స్ లేడు. ఆన్ ఆ తొమ్మిది నెలలు మంచం మీద ఉన్నప్పుడు ఆ ఇంట్లో నీళ్లు మోసింది ఎవరు, పొయ్యి వెలిగించింది ఎవరు? అక్కడినుంచి రెండో పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ