రౌండ్‌వౌండ్ 45-105 వాడేవాళ్లు ఫ్లాట్‌వౌండ్‌లో ఏ గేజ్ తీసుకోవాలి?

మీది 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) జాజ్ బాస్ గిటార్, ఇప్పుడున్నవి 45-105 రౌండ్‌లు (ఇదే గేజ్: అన్నిటికంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), వాయించేది చర్చిలో, పాడేవాళ్ల కోసం అప్పుడప్పుడు శ్రుతి అర మెట్టు దించుతారు. ఫ్లాట్స్‌లోనూ అదే నంబరు కొనాలా అని అడిగారు. వద్దు, 45-100 తో మొదలుపెట్టండి.

నంబరు ఒకటే అయినా లాగుడు ఒకటి కాదు. రౌండ్ తీగకు పైన చుట్టేది గుండ్రటి వైరు కాబట్టి చుట్టుకీ చుట్టుకీ మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది. ఫ్లాట్‌లో చుట్టేది చదునైన రేకు, ఆ ఖాళీ ఉండదు. అదే మందంలో లోహం ఎక్కువ పడుతుంది, తీగ బరువెక్కుతుంది, అదే శ్రుతికి తేవాలంటే ఇంకా బిగించాలి. పైగా తీగ కూడా మొండిగా ఉంటుంది.

ఇది తెలియక నేను చేసిన పని చెప్తాను. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ బాస్ విని పిచ్చెక్కిన రోజులవి. ఆయన 1962 ప్రెసిషన్ బాస్ మీద లా బెల్లా కంపెనీ లావు ఫ్లాట్స్ వాడేవాడు: 52-73-95-110. ఆ గేజ్‌లోనే ఒక సెట్ తెప్పించాను. 105 కోసం కోసిన నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిలో 110 మందం E తీగ (అన్నిటికంటే లావుది) కూర్చోలేదు, పైకి తేలింది. గాళ్లు ఆకురాయి పెట్టించాను. తెల్లారేసరికి నెక్ ముందుకు వంగి యాక్షన్ (మెడ మీద తీగల ఎత్తు) పైకి లేచింది. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) బిగించుకున్నాను. ఆదివారం మూడో పాటకే ఎడమ చిటికెన వేలు చేతులెత్తేసింది. జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో వాటిని లాగించాడు, నా వల్ల కాలేదు. మూడు వారాలకు విప్పేసి సన్నవి వేస్తే, వెడల్పు చేయించిన గాడిలో ఓపెన్ E (వేలు నొక్కని E తీగ) జిర్రుమనడం మొదలైంది. కొత్త నట్ వేయించాక గానీ ఆగలేదు. అందుకే, మీ నట్‌ను ఇప్పుడే ఎవరి చేతా అరగదీయించకండి.

ఇప్పుడు నా బాస్ మీద డడారియో కంపెనీ క్రోమ్స్ ఫ్లాట్స్ 45-65-80-100 ఉన్నాయి. ఇందులో D తీగ అన్నిటికంటే బిగువుగా, E తీగ కాస్త వదులుగా అనిపిస్తుంది. సెట్ చెడిందేమో అని కంగారు పడకండి, చాలా సెట్లలో అంతే. అర మెట్టు దించితే టెన్షన్ దాదాపు 11 శాతం తగ్గుతుంది, అది 100 తీగ తట్టుకుంటుంది. ఒక మెట్టు పూర్తిగా దించితే 20 శాతం పోతుంది, అప్పుడు తీగ ఊగిపోతుంది. మీ గాయకులు ఎప్పుడూ కింది శ్రుతిలోనే పాడేటట్టయితే మాత్రం నా సలహా మార్చుకుంటాను: 50-70-85-105 తీసుకోండి.

థామస్టిక్ కంపెనీ జాజ్ ఫ్లాట్స్ (43-56-70-100) స్నేహితుడి బాస్ మీద వాయించి చూశాను. వాటిలో E తీగ కూడా 100 నంబరే, కానీ నా 100 కంటే చాలా మెత్తన. వేలు తేలికగా పడేవాళ్లకు హాయి. నాలా గట్టిగా కొట్టేవాళ్లకు తీగ మెడ మీది ఫ్రెట్లకు (అడ్డ లోహపు కమ్మీలకు) తగులుతుంది. ఖరీదు కూడా ఎక్కువే.

ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. పెగ్‌లో (తీగ బిగించే మరలో) పెట్టే చివరను ముందు లంబంగా వంచి, ఆ తర్వాతే కత్తిరించండి. వంచకుండా కోస్తే రేకు చుట్టు వదులై తీగ చచ్చిపోతుంది. మీ బాస్‌కు బాడీలోంచి తీగ దూర్చే వీలున్నా, ఫ్లాట్స్‌ను బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) నుంచే వేయండి. మొదటి రెండు మూడు వారాలు గణగణమంటాయి, అప్పుడే తీర్పు చెప్పొద్దు. గుంటూరు ఎండల్లో నా చెమటకు రౌండ్‌లు రెండు నెలలకే మూగబోయేవి. ఈ ఫ్లాట్స్‌కు ఇది మూడో ఏడు.

ఇంకో సంగతి. మొదట్లో నా E తీగ హాల్లో వినపడేది కాదు, 100 చాలలేదేమో అనుకుని 105 కి ఆర్డర్ పెట్టబోయాను. తీరా చూస్తే మా కీబోర్డ్ అబ్బాయి ఎడమచేత్తో అవే స్వరాలు వాయిస్తున్నాడు. బతిమాలి ఆ చెయ్యి తీయిస్తే, అదే 100 వెనక బెంచీ దాకా వినపడింది.