టిప్స్‌ను నమ్ముకుని ఇంటి అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 31. ఆరేళ్లుగా గోవాలోని పణజిలో ఓడ మీది క్యాసినోలో డీలర్‌ని (టేబుల్ దగ్గర ముక్కలు పంచి ఆట నడిపే పని). జీతం చేతికి 30,000 (బేసిక్ 18,000), టిప్స్ నెలకు 20,000 దాకా వస్తాయి. ఖర్చులు, ఇంటికి పంపేది కలిపి 26,000. దాచింది 11 లక్షలు. కాకినాడలో 45 లక్షల ఫ్లాట్ చూశాను. ఎలక్ట్రానిక్ టేబుళ్లు వస్తున్నాయని అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. 36 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 31,240. అంటే మీ జీతం కన్నా ఎక్కువ. పైగా సొంత వాటా 9 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు మూడు లక్షల పైచిలుకు కట్టాలంటే మీరు దాచిన 11 లక్షలూ చాలవు.

ఉద్యోగం రేపే పోతుందని భయపడక్కర్లేదు. గోవా చట్టం ప్రకారం ఒడ్డున ఫైవ్‌స్టార్ హోటళ్లలో ఎలక్ట్రానిక్ ఆటలకే అనుమతి. డీలర్ చేతి మీద నడిచే టేబుళ్లు ఓడల మీదే ఉంటాయి. అయితే ఓడల మీద మెషీన్లు పెట్టకూడదని ఎక్కడా లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి క్యాసినోల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగాక ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడీ ఉంటుంది.

ముక్కలు కలిపే షఫ్లింగ్ మెషీన్ వల్ల డీలర్ పోడు, గంటకు ఆడే ఆటలు పెరుగుతాయంతే. అసలు దెబ్బ ఆటోమేటిక్ రూలెట్‌తో (అంకెల చక్రంలో బంతి తిప్పే ఆట). గాలి ఒత్తిడితో బంతి తిరుగుతుంది, సెన్సర్ నంబర్ చదువుతుంది, చెల్లింపు లెక్క ఆటగాడి ముందున్న స్క్రీన్, అంటే టెర్మినలే చేస్తుంది. ఒక్క డీలర్‌కు పదుల టెర్మినళ్లు కలిపే పద్ధతీ ఉంది. మొదట పోయేవి చిన్న పందేల టేబుళ్లు. గెలిచినవాడు స్క్రీన్‌కు చిప్ ఇవ్వడు కదా! అందుకే ఉద్యోగం కన్నా ముందు టిప్స్ తగ్గుతాయి. జనం మామూలుగానే వస్తున్నా టిప్స్ మూడు నెలల సగటు మూడో వంతు పడిపోతే, వేరే పని చూసుకోవాల్సిన సమయం వచ్చినట్టే. ఈలోగా సర్వైలెన్స్ (కెమెరాలతో నిఘా) గానీ, స్లాట్ టెక్నీషియన్ (ఆట మెషీన్ల మరమ్మతు) పని గానీ నేర్చుకోండి.

11 లక్షల్లో రెండున్నర లక్షలు అత్యవసర నిధి. యాభై వేల చొప్పున ఐదు ఎఫ్‌డీలు వేయండి. అవసరమైతే ఒకటే విరిచేయవచ్చు. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. మిగిలిన ఎనిమిదిన్నర లక్షలు మూడేళ్లలో కావాల్సినవి, షేర్ల జోలికి వెళ్లకుండా ఎఫ్‌డీల్లోనే ఉంచండి. టిప్స్ అన్నీ వేరే ఖాతాలో వేస్తే మూడేళ్లకు ఏడు లక్షలు దాటుతాయి. అప్పుడు 30 లక్షల లోపు ఇల్లు చూసి, అప్పు 15 లక్షలకు మించనివ్వకండి. ఈఎంఐ సుమారు 13,000. చలన వడ్డీ (ఫ్లోటింగ్ రేటు) అప్పే తీసుకోండి, ముందుగా తీర్చినా అపరాధ రుసుము ఉండదు.

ఒకవేళ తీసేస్తామంటే, "మీరే రాజీనామా రాసివ్వండి" అన్న మాటకు తలూపకండి. గ్రాట్యుటీ ఎలాగూ వస్తుంది: బేసిక్‌ను 26తో భాగించి 15తో, ఆరేళ్లతో హెచ్చిస్తే సుమారు 62,300. కానీ రిట్రెంచ్‌మెంట్ పరిహారం, అంటే ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, యాజమాన్యం తొలగిస్తేనే దక్కుతుంది. రాజీనామా ఇస్తే పోయినట్టే. సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ వస్తే ఈ హక్కు ఉండకపోవచ్చు, ఒప్పుకునే ముందు కార్మిక న్యాయవాదిని అడగండి.